ఆసామి ఎవరు? – పౌర న్యాయంలో వ్యక్తిత్వము, హక్కుధారణము

మానేరు వంతెనకు ఒక వైపు తంగళ్ళపల్లి, మరొక వైపు సిరిసిల్ల. వంతెన దాటి మరమగ్గాల వాడలో అడుగుపెట్టిన వారికి మొదట వినిపించేది మగ్గాల చప్పుడు, ఆపైన వినిపించేది 'ఆసామి' అన్న మాట. యజమాని వద్ద నుండి నూలు తెచ్చుకొని, తన షెడ్డులోని మగ్గాలపై కార్మికుల చేత బట్ట నేయించి, కూలి లెక్కన యజమానికి అప్పగించే వానిని అక్కడ ఆసామి అంటారు. పల్లెలో 'మోతుబరి ఆసామి' అంటే పొలమూ పాడీ గల పెద్ద రైతు. 'ఎవరా ఆసామి?' అని అడిగితే ఆ మనిషి ఎవరని మాత్రమే అర్థం. ఉర్దూలో ఈ మాటకు రైతు అనీ, కక్షిదారు అనీ, ఖాళీగా ఉన్న ఉద్యోగ స్థానం అనీ అర్థాలు ఉన్నవి. వీటన్నిటికీ మూలం అరబ్బీలోని 'ఇస్మ్', అనగా పేరు. దాని బహువచన రూపాలలో ఒకటి 'అసామీ', అనగా పేర్లు. శిస్తు లెక్కల పుస్తకాలలో వరుసగా వ్రాసిన పేర్లు కాలక్రమాన ఆ పేర్లు గల మనుషులకే వాచకమైనవి. పేరు పుస్తకంలోకి ఎక్కిన తరువాతనే మనిషి ఆసామి అయినాడన్నమాట.

తెలుగు బోధించేవాడు న్యాయశాస్త్రం జోలికి ఎందుకు వచ్చినాడని విద్యార్థులు అనుకోవచ్చును. కారణం ఒక ప్లాస్టిక్ సంచి. కొన్ని నెలల క్రితం మా వీధికి బంధువైన ఒక ఆపా ఆ సంచిని మా ఇంటికి తెచ్చినది. అందులో పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, గల్ఫు వీసా నకలు, నికాహ్‌నామా, పిల్లల బడి రసీదులు ఉన్నవి. ఆమె భర్త గల్ఫుకు వెళ్ళి, రెండేండ్లు డబ్బు పంపి, ఆ తరువాత ఏ కబురూ లేకుండా పోయినాడు. రెండెకరాల భూమి ఆయన పేర ఉన్నది. ఆ భూమిపై అప్పు తెచ్చుకొందామని పోతే ఒక చోట 'పట్టాదారు సంతకం కావాలి' అన్నారట. పట్టా తన పేర మార్చుకొందామని పోతే మరొక చోట 'మరణ ధ్రువపత్రం తెండి' అన్నారట. "భాయ్‌సాబ్, ఒకరు ఆయనను పిలుచుకొని రమ్మంటున్నారు, ఇంకొకరు ఆయన చనిపోయినట్లు కాగితం తెమ్మంటున్నారు. రెండూ నా చేతిలో లేవు. చట్టానికి ఆయన ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగినది. ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. అటు పిమ్మట పుస్తకాలు తిరగవేసి, వకీలు మిత్రులను అడిగి తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసం.

వ్యక్తి అనే మాటకు సంస్కృతంలో స్పష్టంగా కనబడునది అని అర్థం. లాటిను భాషలో 'పెర్సోనా' అంటే నాటకంలో నటుడు ధరించే ముఖపు తొడుగు. న్యాయశాస్త్రం ఈ రెండవ అర్థానికి దగ్గర. న్యాయస్థానమనే రంగస్థలంపై హక్కులు, బాధ్యతలు అనే పాత్రను ధరించి నిలబడగల దేనినైనను అది వ్యక్తి అంటుంది. ఆ తొడుగు వెనుక రక్తమాంసాలు గల మనిషి ఉండవచ్చును, ఒక సంఘం ఉండవచ్చును, ఒక దేవుని విగ్రహం ఉండవచ్చును. మనిషై ఉండి కూడ తొడుగు దొరకని వారు చరిత్రలో లక్షల మంది ఉన్నారు. రోమను న్యాయంలో బానిస ఊపిరి పీల్చే మనిషే. కాని చట్టం దృష్టిలో ఎద్దు, నాగలి వలె ఒకరి సొత్తు.

మన కచేరీ భాషలో హక్కు, వారసుడు, వకీలు, దస్తావేజు, జామీను అన్నీ ఉర్దూ దారిన వచ్చినవే. ముద్దాయి ఒక్కడే దారిలో తలక్రిందులైనాడు. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. మన రెండు విభాగాల విద్యార్థులు ఒకే బెంచీపై కూర్చొని ఒకే తీర్పును చదివితే ఎవరు గెలిచినారో తేల్చుకోవడానికి పోట్లాడుకొనే ప్రమాదమున్నది!

ఇక అసలు విషయం. హక్కును కలిగి ఉండడం వేరు, ఆ హక్కును స్వయంగా వినియోగించుకోవడం వేరు. ఐరోపా పౌర స్మృతులు ఈ భేదాన్ని ప్రధానంగా పాటించినవి. 1900లో అమలులోకి వచ్చిన జర్మనీ పౌర స్మృతి మొదటి నిబంధనయే మనిషికి హక్కును ధరించే అర్హత జననం పూర్తి కావడంతో ఆరంభమగునని చెప్పుచున్నది. హక్కును వినియోగించే సామర్థ్యం గురించి ఆ స్మృతి వేరుగా చెప్పినది. ఇస్లామీయ న్యాయ మీమాంసలో, అనగా ఉసూలె ఫిఖ్‌హ్‌లో, ఈ భేదం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఉన్నది. మొదటిదానిని 'అహ్లియతె వుజూబ్' అన్నారు: హక్కులకు, బాధ్యతలకు పాత్రుడగుట. రెండవదానిని 'అహ్లియతె అదా' అన్నారు: తన మాట చేత, చేత చేత న్యాయపరమైన ఫలితాలు కలిగించగలుగుట. మొదటిదానికి ప్రాణమున్న మనిషై ఉంటే చాలు. రెండవదానికి బుద్ధి, వివేకం కావాలి. హక్కులూ అప్పులూ వచ్చి చేరే ఊహాస్థానానికి 'జిమ్మా' అని పేరు పెట్టినారు. ఫలానా పని నా జిమ్మా అని మన ఇండ్లలో అనుకొనే మాట ఇదే.

గర్భస్థ శిశువును చూడండి. తండ్రి మరణించేనాటికి బిడ్డ తల్లి కడుపులో ఉంటే ఆస్తి ఎట్లు పంచాలి? 1956 హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షను ప్రకారం ఆ బిడ్డ తరువాత సజీవంగా పుడితే, తండ్రి పోకముందే పుట్టిన బిడ్డతో సమానంగా వారసత్వం పొందును. హనఫీ సంప్రదాయంలో, కొడుకు పుడితే వచ్చే వాటా, కూతురు పుడితే వచ్చే వాటా, ఈ రెండింటిలో ఏది ఎక్కువో దానిని ప్రక్కకు తీసి ఉంచి మిగిలినది పంచుతారు. బిడ్డకు ఇంకా పేరు కూడ లేదు. అయినను ఒక వాటా ఆ బిడ్డ కొరకు వేచి ఉంటుంది. అయితే గర్భస్థ శిశువు అర్హత అసంపూర్ణం. హక్కు చేరుతుంది గాని బాధ్యత చేరదు. ఆ బిడ్డ పేర ఎవరో సరుకు కొని బాకీ పెట్టడం కుదరదు.

పుట్టిన బిడ్డకు హక్కుధారణ పూర్తిగా ఉన్నది, వినియోగం లేదు. పద్దెనిమిదేండ్లు నిండని వాడు చేసిన ఒప్పందం మొదటి నుండి చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు మొహరీ బీబీ, ధర్మోదాస్ ఘోష్ వ్యాజ్యంలో తేల్చినది. కలకత్తాలో ఆస్తి గల ఒక మైనరు ఇరువై వేల రూపాయల తనఖా పత్రం వ్రాసి ఇచ్చినాడు. అతడు మైనరన్న సంగతి వడ్డీ వ్యాపారి ప్రతినిధికి తెలియకపోలేదు. తనఖా కొట్టివేయబడినది. ఆస్తి మైనరుదే, కాని దానిని తాకట్టు పెట్టే చేయి అతనిది కాదు. హక్కు ఒకరిది, చేయి వేరొకరిది అయిన చోట ఆ చేయి ఎవరిది, అది ఎవరికి జవాబుదారీ అన్నదే పెద్ద ప్రశ్న.

తొడుగును ఇచ్చిన చట్టమే దానిని లాగివేసిన సందర్భాలు కూడ ఉన్నవి. ఫ్రాన్సులో 1854 వరకు 'పౌర మరణం' అనే శిక్ష ఉండెను. ఘోరమైన శిక్ష పడిన వాడు బ్రతికి ఉండగానే చచ్చినవానితో సమానం. అతని ఆస్తి వారసులకు పోయేది, వివాహం రద్దయ్యేది. ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీ వ్యక్తిత్వం భర్త వ్యక్తిత్వంలో లీనమయ్యేది. 1882 నాటి చట్టం వచ్చిన తరువాతనే ఆమె తన ఆస్తికి తాను పూర్తి యజమానురాలైనది. ఇస్లామీయ న్యాయంలో స్త్రీ ఆస్తి వివాహం వలన భర్తకు సంక్రమించదు, మహర్ ఆమె సొంతం. ఇది మనం గర్వంగా చెప్పుకొనే మాటయే. నికాహ్‌నామాలో వ్రాసిన మహర్ సొమ్ము ఆడపిల్ల చేతికి నిజంగా ముట్టిన ఇండ్లు ఎన్ని అని కూడ మనమే అడుగుకోవాలి.

మన ప్రాంతపు చరిత్రలో ఇంతకంటె విచిత్రమైన రకం ఉన్నది. నైజాం తెలంగాణంలో భగేలా అనే పద్ధతి ఉండెను. పెండ్లికో, తిండిగింజలకో తీసికొన్న కొద్ది అప్పుకు బదులుగా మనిషి దొర పొలంలో ఏండ్ల తరబడి, కొన్ని సార్లు తన కొడుకు తరం దాకా చాకిరీ చేసేవాడు. దీనిని అదుపు చేయడానికి హైదరాబాదు ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల క్రమబద్ధీకరణ చట్టం తెచ్చినది. ఆ పేరులోని 'ఒప్పందం' అన్న మాటను గమనించండి. భగేలా బానిస కాడు, ఒప్పందం చేసికొన్న వ్యక్తి అని లెక్క. అంటే వ్రేలిముద్ర వేసి అప్పు నెత్తిన పెట్టుకొనే వరకు అతడు సంపూర్ణమైన వ్యక్తియే. కూలి అడిగే హక్కు దగ్గరికి వచ్చేసరికి ఆ వ్యక్తిత్వం మాయమయ్యేది. బాధ్యత మాత్రమే అంటి, హక్కు అంటని జిమ్మా అది. గర్భస్థ శిశువు స్థితికి సరిగ్గా వ్యతిరేకం. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అట్టి అప్పులనే రద్దు చేసినది. తొడుగు ఇవ్వడం ఎప్పుడూ మేలే చేయునని అనుకోరాదని ఈ ఉదాహరణ నాకు నేర్పినది.

మనుషులు కాని వ్యక్తుల సంగతి ఇంకొకటి. మన జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినప్పుడు దానికి పెట్టిన రాజన్న సిరిసిల్ల అన్న పేరులోనే ఒక న్యాయ వ్యక్తి ఉన్నాడు. వేములవాడలో భక్తులు కోడెమొక్కు చెల్లిస్తారు. కోడెను గుడి చుట్టూ త్రిప్పి కట్టివేస్తారు; కొందరు కోడెనే స్వామికి సమర్పించుకొంటారు. అట్లు సమర్పించిన కోడె ఎవరిది? అర్చకునిది కాదు, కార్యనిర్వహణాధికారిది కాదు, ప్రభుత్వానిదీ కాదు. హిందూ న్యాయం ప్రకారం ప్రతిష్ఠ జరిగిన దేవతయే దానికి యజమాని. ప్రమథనాథ్ మల్లిక్ కేసులో 1925లో ప్రీవీ కౌన్సిలు కుటుంబ విగ్రహం ఒక న్యాయ వ్యక్తి అనీ, దానిని ఎక్కడ ఉంచాలన్న విషయంలో దాని ఇచ్ఛను కూడ ఒక ప్రతినిధి ద్వారా తెలుసుకోవాలనీ చెప్పినది. 1969లో సుప్రీంకోర్టు దేవత ఆదాయపు పన్ను కట్టవలసిన వ్యక్తి కూడ అన్నది. తొడుగు ధరించిన వారికి పన్ను తప్పదు కాబోలు. 2000లో గురుగ్రంథ సాహిబుకు కూడ ఆ హోదా లభించినది. 2019 అయోధ్య తీర్పులో న్యాయస్థానం విగ్రహాన్ని వ్యక్తిగా అంగీకరించి, జన్మస్థానమనే నేలకు ప్రత్యేక వ్యక్తిత్వం ఇవ్వడానికి నిరాకరించినది. గంగా యమునా నదులను సజీవ వ్యక్తులుగా 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు ప్రకటించగా, ఆ జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసినది. నది పొంగి ఊళ్ళు మునిగితే పరిహారం ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్న ఆ సందర్భంలో వచ్చినది. హక్కు ఉంటే బాధ్యత కూడ ఉండాలి గదా.

మసీదు దారి వేరు. లాహోరులోని షహీద్‌గంజ్ మసీదు వ్యాజ్యంలో 1940లో ప్రీవీ కౌన్సిలు, మసీదు దావా వేయడానికి గాని, దావా వేయించుకోవడానికి గాని తగిన వ్యక్తి కాదన్నది. వక్ఫు చేసిన ఆస్తి అల్లాహ్‌కు చెందును. ముతవల్లీ దానికి యజమాని కాడు, నిర్వాహకుడు మాత్రమే అని అంతకు ముందే, 1921లో, అదే న్యాయస్థానం స్పష్టం చేసినది. అమ్మడానికి, కట్టబెట్టడానికి అతనికి స్వంత హక్కు లేదు. 1995 వక్ఫు చట్టం ప్రకారం రాష్ట్ర బోర్డు శాశ్వత వారసత్వము, ముద్ర గల సంస్థాగత వ్యక్తి. దావా వేసేదీ, ఎదుర్కొనేదీ అదే. 2025 సవరణ చట్టంపై వివాదం సుప్రీంకోర్టుకు చేరి, ఆ సంవత్సరం సెప్టెంబరులో కొన్ని నిబంధనలు తాత్కాలికంగా నిలుపబడినవి. ఆ చర్చ ఇక్కడ పెట్టుకోను. కోడె విషయంలోను, వక్ఫు విషయంలోను యజమాని నోరు విప్పి మాట్లాడడు. మాట్లాడేవాడు యజమాని కాడు. ఎక్కడ నష్టం జరిగినా ఈ సందులోనే జరుగుతున్నది.

దేవుళ్ళ సంగతి అట్లుండగా, మన ఇండ్లలో దీపం వెలిగించేది కూడ ఒక న్యాయ వ్యక్తియే. 1970 నుండి ఈ ప్రాంతానికి కరెంటు పంపిణీ చేస్తున్న సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనమందరం సెస్ అని పిలిచేది, దేశంలో తొలుత ఏర్పడిన కొద్దిపాటి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో ఒకటి. 1964 సహకార సంఘాల చట్టం 9వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను జరిగిన క్షణం నుండి సంఘం తన పేరుతో ఆస్తి కలిగి ఉండగలదు, ఒప్పందం చేయగలదు, దావా వేయగలదు. సభ్యులు పోతుంటారు, క్రొత్తవారు వస్తుంటారు, సంఘం ఉంటుంది. కంపెనీల విషయంలో ఈ సూత్రాన్ని 1897లో ఇంగ్లండులో ఒక బూట్ల వ్యాపారి, సాలమన్ అనే ఆయన వ్యాజ్యం స్థిరపరచినది. కంపెనీ వాటాలు దాదాపు అన్నీ ఆయనవే అయినను, కంపెనీ అప్పు కంపెనీదే, ఆయన స్వంత ఇంటిపై పడదు. సిరిసిల్ల కార్మికునికీ, చిన్న ఆసామికీ ఈ తొడుగు లేదు. వారి అప్పు నేరుగా వారి నెత్తినే పడుతుంది. మగ్గాలు ఆగిన రోజులలో నేతన్నల ఇండ్లలో జరిగిన విషాదాలు మన ఊరిలో ఎవరికి తెలియవు?

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక మనవి. మా పెద్దల కాలంలో ఇట్టి విద్యా సంఘాలు నైజాం నాటి 1350 ఫస్లీ చట్టం క్రింద రిజిస్టరు అయ్యేవి. 2001 నుండి వేరొక చట్టం ఉన్నది. దాని ప్రకారం రిజిస్టరైన సంఘం తన పేరుతో నిలబడే వ్యక్తి. దాత ఒకరు గది కట్టించి ఇస్తే ఆ గది సంఘానిది. రసీదు, దస్తావేజు, బ్యాంకు ఖాతా ఏ ఒక్క పెద్దమనిషి పేర ఉన్నను, ఆయన ఎంత మంచివాడైనను, ఆయన తదనంతరం ఆయన వారసులకూ విద్యార్థులకూ నడుమ చిక్కు తప్పదు. దీనిని విమర్శగా కాక కాగితాలు సరిచూసుకోవడానికి జ్ఞాపికగా గ్రహించ ప్రార్థన.

ఇప్పుడు ఆపా ప్రశ్నకు వస్తాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫుకు పోని ఇల్లు అరుదు. పోయినవారిలో కబురు తెలియకుండా పోయినవారూ ఉన్నారు. ఏడేండ్ల పాటు, సహజంగా కబురు అందవలసిన వారికి కూడ ఏ కబురూ అందని మనిషి బ్రతికి ఉన్నాడని వాదించేవాడే దానిని రుజువు చేయాలని 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే మాట 111వ సెక్షనుగా ఉన్నది. దీనిని చాలామంది 'ఏడేండ్లు నిండితే చనిపోయినట్టే' అని అర్థం చేసికొంటున్నారు. అది పూర్తిగా సరి కాదు. 2004లో జీవిత బీమా సంస్థకూ అనురాధ అనే ఆమెకూ నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రెండు సంగతులు తేల్చినది. ఏడేండ్ల తరువాత ప్రశ్న న్యాయస్థానం ముందుకు వచ్చినప్పుడు మాత్రమే మరణాన్ని ఊహిస్తారు. ఏ రోజు మరణించినాడన్నది ఊహించరు, ఎవరు చెప్పినా రుజువు చేయవలసిందే. బీమా సొమ్ము కావాలంటే అంతవరకు వాయిదాలు కట్టి పాలసీని బ్రతికించి ఉంచవలసిందే. మనిషి జాడ లేదు, అతని పాలసీని మాత్రం ఇల్లాలు కూలి చేసియైనా బ్రతికించాలి!

ఈ ఏడేండ్లూ ఆ భూమిని ఎవరు చూడాలి? ఆ సెక్షనులో దానికి జవాబు లేదు. అది సాక్ష్యపు నియమం, సంరక్షణ నియమం కాదు. ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించినది మన పాత గ్రంథం. పన్నెండవ శతాబ్దపు హనఫీ న్యాయగ్రంథం 'హిదాయా'లో జాడ తెలియని వానికి, అనగా 'మఫ్‌ఖూద్'కు, ఒక ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. కాజీ అతని ఆస్తికి ఒక సంరక్షకుని నియమించును. ఆ సంరక్షకుడు పంటను, రావలసిన బాకీలను వసూలు చేయును. చెడిపోయే సరుకును అమ్మును. అతని భార్యకు, పిల్లలకు ఆ ఆస్తి నుండే ఖర్చు పెట్టును. తన ఆస్తి విషయంలో ఆ మనిషి బ్రతికి ఉన్నట్లే లెక్క, కాబట్టి వారసులు పంచుకోరాదు. ఈలోగా అతని తండ్రి చనిపోతే అతని వాటాను ప్రక్కన ఉంచుదురు. ఉన్నాడో లేడో తెలియని మనిషి వ్యక్తిత్వాన్ని అట్లే నిలిపి ఉంచి, ఇంటివారు ఆకలితో మాడకుండ మధ్యలో ఒక చేయిని ఏర్పాటు చేసినారు.

అదే గ్రంథం భార్య విషయంలో మాత్రం కఠినం. భర్త ఈడువారందరూ గతించునంత కాలం ఆమె వేచి ఉండాలన్నది హనఫీల పాత అభిప్రాయం. ఇది ఇరువైయవ శతాబ్దపు ఆరంభంలో ఎందరో స్త్రీలను దిక్కులేని స్థితికి నెట్టగా, మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి హనఫీ ఉలమాయే మాలికీ సంప్రదాయంలోని నాలుగేండ్ల గడువును అనుసరించవచ్చునని వ్రాసినారు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టంలో మొదటి కారణం అదే: నాలుగేండ్లు భర్త జాడ తెలియకుంటే భార్య విడాకుల డిక్రీ కోరవచ్చును. డిక్రీ వచ్చిన తరువాత కూడ ఆరు నెలల వరకు అది అమలు కాదు. ఆలోగా భర్త వచ్చి సంసారం చేయడానికి సిద్ధమని న్యాయస్థానాన్ని ఒప్పిస్తే డిక్రీ రద్దగును.

ఈ సంగతులన్నీ ఆపాకు చెప్పినాను. "నాకు విడాకులు ఎందుకు భాయ్‌సాబ్? పిల్లల ఫీజుకు ఆ పొలం కౌలుకు ఇస్తే చాలు" అన్నది. చట్టం ఆమెను భర్త నుండి నాలుగేండ్లకే విడిపించగలదు, పొలం కాగితాన్ని మాత్రం ఏడేండ్లు కదల్చనివ్వదు. వకీలు సలహాపై ఆమె ఠాణాలో తప్పిపోయినట్లు ఫిర్యాదు వ్రాయించి నకలు తీసికొన్నది. రాయబార కార్యాలయానికి అర్జీ పంపినది. ఆఖరు ఫోను వచ్చిన తేదీని, ఆ మాట విన్న వారి పేర్లను ఒక కాగితంపై వ్రాయించి ఉంచుకొన్నది. రేపు దావా వేసేనాడు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుండే.

ఆ కాగితం వ్రాసి ఇచ్చినది నేనే. ఏడేండ్లు నిండడానికి ఇంకను రెండేండ్లు ఉన్నవి. అంతవరకు పాసు పుస్తకంలో ఆసామి ఆయనే.